చెరువు పాఠాలకు చందా: ఒక కోశాధికారి చెప్పే దారి

చెరువు శుభ్రం చేద్దామంటే హైదరాబాద్‌లో చందా పుట్టడం పెద్ద కష్టం కాదు. ఒక జేసీబీ, ఒక ఫ్లెక్సీ, గుర్రపు డెక్క కుప్ప పక్కన నిలబడి ఒక ఫొటో, పని అయిపోయినట్టే. కొన్ని నెలలకు డెక్క మళ్లీ కట్ట దాకా కమ్ముకొస్తుంది. ఎందుకు రాదు? మన ఇళ్ల మురుగు నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి పోతూనే ఉంది. అందులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. మళ్లీ జేసీబీ, మళ్లీ చందా. ఈ లోపు మా వీధిలో ఎవరినైనా ఆపి మీ ఇంటి డ్రైనేజీ ఎక్కడికి పోతుందని అడగండి, "రోడ్డు మీదికి రాకపోతే చాలు" అంటారు.

ఆ జవాబు మారాలంటే బడి పిల్లలకు చెరువు పాఠాలు కావాలి. పాఠాలకు డబ్బు అడిగితే మాత్రం "చెప్పడానికి పైసలెందుకు మేడమ్?" అనేస్తారు. పిల్లల్ని కట్ట దాకా తీసుకెళ్లే ఆటోకు కావాలి, పొద్దున్నే వచ్చిన పిల్లల ఆకలికి కావాలి, నీళ్లు పరీక్షించే మందులకు కావాలి, పని మానుకుని వచ్చి చెప్పే మనిషికి కావాలి.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మల్కాజిగిరి వైపు మా చెరువు కమిటీకి కోశాధికారిని. చెరువు గురించి నాకు తెలిసిందంతా మా సైన్స్ టీచర్ దగ్గర, మత్స్య సొసైటీ పెద్దాయన దగ్గర విని నేర్చుకున్నదే. డబ్బు సంగతి మాత్రం నాకు తెలుసు. ఈ పనికి డబ్బు రావాల్సిన వరుస ఒకటుంది: ముందు దగ్గరి డబ్బు, చిన్న డబ్బు, నెలనెలా వచ్చే డబ్బు. పెద్ద చెక్కు ఆ తర్వాత. చాలామంది తలకిందులుగా మొదలుపెట్టి, ఏదో కంపెనీ మెయిల్‌కు జవాబు కోసం ఏడాది చూసి మానేస్తారు.

ముందు ఏం కొంటున్నారో రాసుకోండి

"అవగాహన కార్యక్రమం" అని రాస్తే ఎవరూ పైసా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బ్యాంకులో ఏ ప్రపోజల్ వచ్చినా నేను ముందు తిప్పేది చివరి పేజీ. లెక్క ఉండేది అక్కడే. మొదటి పేజీలో మహాసముద్రాల గురించి రాసి చివరి పేజీలో "ఇతర ఖర్చులు: 40,000" అని పెడితే ఆ ఫైలు అక్కడే మూసేసేదాన్ని.

కాబట్టి ఒక బడి, ఒక చెరువు, ఒక ఏడాది పెట్టుకోండి. పాఠాలను మన క్యాలెండర్‌కు కట్టండి, పుస్తకంలోని యూనిట్లకు కాదు. జూన్‌లో బడులు తెరవగానే నాలా నడక: వాన నీళ్లు చెరువుకు వచ్చే దారి వెంట, రోడ్డు మీద నుంచే నడుస్తూ, మురుగు కలిసే ప్రతిచోటా పిల్లలు మ్యాప్ మీద ఎర్ర చుక్క పెడతారు. వినాయక చవితికి ముందు మట్టి విగ్రహాలు. బతుకమ్మ వారంలో పూల మాట: తంగేడు, గునుగు నీళ్లలో ఏమవుతాయి, థర్మోకోల్ ప్లేటు ఏమవుతుంది. ఏదైనా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంటు, చూడటం ఒక పాఠం. దీనికి ఖర్చు సున్నా, పిల్లలు ముక్కు మూసుకుని మరీ అన్నీ అడుగుతారు. నవంబర్ నుంచి పక్షులు: బొల్లికోళ్లు, నీటికాకులు, వలస వచ్చే బాతులు. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం, ఆ రోజు తల్లిదండ్రుల్ని కట్ట మీదికి పిలవండి. నీళ్ల పరీక్ష రెండుసార్లు పెట్టుకోండి, వానకు ముందొకటి, తర్వాతొకటి. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, పరీక్షలు, ఎండలు. అప్పుడు పిల్లల్ని కట్ట మీద నిలబెట్టొద్దు. ఆ నెలలు పెద్దవాళ్ల దగ్గర చందా అడగడానికి.

మొత్తం ఎనిమిది పాఠాలు. నలభై మంది పిల్లలకు నేను వేసే లెక్క ఇది:

పాఠం చెప్పే టీచర్‌కు గౌరవ వేతనం, 8 × 1,000: 8,000
మత్స్యకారుడికి లేదా పాత నీరటికి (చెరువు నీళ్లు వదిలే పని చూసినవాడు), 4 × 1,000: 4,000
టిఫిన్, మజ్జిగ, అరటిపళ్లు, 45 మందికి 40 చొప్పున 8 సార్లు: 14,400
నీటి పరీక్ష కిట్లు: 6,000
నోటుబుక్కులు, మ్యాపుల ప్రింట్లు, 40 × 100: 4,000
ఆటోలు, 4 సార్లు: 8,000
ఫస్ట్ ఎయిడ్, విజిళ్లు, టోపీలు: 2,000
ఆడిట్, బ్యాంకు ఖర్చులు: 3,600

మొత్తం 50,000. ఇంత గుండుగా ఎలా వచ్చిందంటారా, చివరి గీతలో సర్దాను, ఏ కోశాధికారైనా అదే చేస్తుంది. మీ రేట్లు మీరు వేసుకోండి. పిల్లకు ఏడాదికి 1,250 రూపాయలు, పాఠానికి నూట యాభై ఆరు చిల్లర. దాతకు చెప్పాల్సిన అంకె ఇదే. 50,000 అంటే "ఆలోచిద్దాం" అనేవాళ్లు, ఒక పిల్ల ఏడాది ఖర్చు 1,250 అంటే ఫోన్ తీస్తారు.

టిఫిన్ గీత పెద్దగా ఉందని కొట్టేయాలనిపిస్తుంది. కొట్టకండి. పొద్దున ఏడింటికి సర్కారు బడి పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతో వస్తారు.

వెయ్యి రూపాయలు, ఇద్దరికీ సమానంగా

లెక్కలో రెండో గీత మీద ఎక్కువ గొడవ జరుగుతుంది. కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ఆయనకు చాయ్ తాగించి శాలువా కప్పితే సరిపోదా?" అని. సరిపోదు. టీచర్‌కు ఎంత ఇస్తే గంగపుత్ర (మత్స్యకారుల) సంఘం పెద్దాయనకు అంతే ఇవ్వాలి, అదే కవర్లో, అదే రసీదు మీద సంతకంతో.

మా పెద్దాయన ఒకసారి వేరే చెరువు దగ్గర మీటింగ్‌కు పోయొచ్చి నాతో అన్నాడు: "గా సారు వచ్చి తెర మీద బొమ్మలు చూపెట్టిండు, కవరు తీస్కపోయిండు. నేను తొలకరి పడ్డంక చేపలు ఎందుకు సస్తయో చెప్తే చాయ్ తాపి పంపిన్రు మేడమ్." ఆయన చెప్పింది చిన్న విషయం కాదు. ఎండాకాలమంతా నాలాలో పేరుకున్న మురుగంతా మొదటి గట్టి వానకు ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకొస్తుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లారుజామున చేపలు ఏ మూలన నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయో ఆయన వేలు పెట్టి చూపిస్తాడు. తూము ఎక్కడ పూడిపోయిందో, రోడ్డు వేయకముందు అలుగు నీళ్లు ఏ గల్లీ నుంచి కిందికి పారేవో ఆయన నోట్లోనే ఉంది, కాగితం మీద లేదు. దాతలు కూడా ఈ గీత చూసి మెత్తబడతారు, నేను చూశాను. ఎవరి బతుకు ఆ నీళ్ల మీద ఆధారపడిందో వాళ్లే పాఠం చెబుతున్నారంటే ఇది కాగితాల మీది కార్యక్రమం కాదని వాళ్లకు అర్థమవుతుంది.

మొదటి చందా మీ అపార్ట్‌మెంట్‌లోనే

లెక్క చూడండి. 250 ఫ్లాట్లున్న గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటుకు నెలకు 20 రూపాయలు మెయింటెనెన్స్ బిల్లులో కలిపితే ఏడాదికి 60,000. ఒక బడి ఖర్చు వెళ్లిపోయి పదివేలు మిగులుతాయి. చిన్న అపార్ట్‌మెంట్లయితే నాలుగైదు కలవాలి, ఆ తిరుగుడు తప్పదు.

ఎప్పుడు అడగాలన్నదే కీలకం. వాట్సాప్ గ్రూప్‌లో అడగకండి. నాలుగు దండాల బొమ్మలు, ఇద్దరి వాదన, మూడో రోజు ఎవరిదో పుట్టినరోజు, మీ మాట పైకి కొట్టుకుపోతుంది. ఏప్రిల్‌లోనో మేలోనో జనరల్ బాడీ మీటింగ్ ఉంటుంది కదా, అందులో ట్యాంకర్ బిల్లు చర్చకు వస్తుంది. బోర్లు ఎండాయి, ట్యాంకర్లకు ఇంతయింది అని సెక్రటరీ చదువుతాడు. అందరూ కస్సుమంటారు. సరిగ్గా అప్పుడు లేవండి. చెరువులో నీళ్లుంటే చుట్టుపక్కల బోర్లలో ఊట ఉంటుందని అక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వానాకాలంలో అడగాల్సి వస్తే 2020 అక్టోబర్ గుర్తుచేయండి. ఆ వానకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలన్నీ మునిగాయి. సెల్లార్‌లో కార్లు తేలిన అపార్ట్‌మెంట్‌లో చెరువు, నాలా అంటే మాట వినిపించుకుంటారు.

తీర్మానం ముందే రాసి పట్టుకెళ్లండి, లేకపోతే మినిట్స్‌లో "చర్చించడమైనది" అని రాసి వదిలేస్తారు. ఇలా ఉంటే చాలు: "ఫలానా ప్రభుత్వ పాఠశాల విద్యార్థుల చెరువు పాఠాల కోసం జూన్ నుంచి ఫ్లాటుకు నెలకు 20 రూపాయలు వసూలు చేసి, విడి ఖాతాలో జమ చేయుటకు, ఇష్టం లేనివారు సెక్రటరీకి రాసి మినహాయింపు పొందుటకు, ప్రతి మూడు నెలలకు లెక్క నోటీసు బోర్డులో పెట్టుటకు తీర్మానించడమైనది." మినహాయింపు వాక్యం తప్పకుండా ఉండాలి. అది ఉంటే వాడుకునేవాళ్లు కొందరే. లేకపోతే ఆ కొందరే మొత్తం తీర్మానాన్ని ఆపుతారు.

మీ అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ నడవట్లేదని మీకు తెలిసినా ఆ మీటింగ్‌లో ఎత్తకండి. పిల్లలు ఎస్‌టీపీ చూడటానికి వస్తున్నారని ఆగస్టులో చెప్పండి. వారం తిరక్కుండా మోటారు బాగవుతుంది.

వినాయకుడి లడ్డూ, కిరాణా కొట్టు, బడి ఖాతా

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. ఇప్పుడు మన గల్లీ మండపాల్లో కూడా వేలం ఉంది, వేలల్లో పోతుంది, లక్షల్లోనూ పోతుంది. మండపం పెట్టే కుర్రాళ్లను చవితికి నెల ముందే కలవండి. అడగాల్సింది "డబ్బివ్వండి" అని కాదు. "మీ మండపం పేరు మీద బడి పిల్లలకు మట్టి విగ్రహాల పాఠం పెడతాం, వేలంలో వచ్చినదాంట్లో కొంత దానికి మైకులో ప్రకటించండి" అని. మైకులో చెప్పిన మాట వెనక్కి పోదు, వందమంది విన్నారు. హుస్సేన్ సాగర్‌లో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహాల నిమజ్జనం వద్దని హైకోర్టు 2021లోనే చెప్పింది కాబట్టి మట్టి విగ్రహం మాట వాళ్లకూ కొత్త కాదు. మట్టి విగ్రహాలు ఉచితంగా పంచేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. పిల్లల చేత చేయించేవాళ్లే తక్కువ.

దుకాణాల దగ్గర డబ్బు అడగకండి, వస్తువు అడగండి. టిఫిన్ సెంటర్ ఇడ్లీలు ఇస్తుంది, జిరాక్స్ షాపు మ్యాపులు తీసిపెడుతుంది. ఎవరు ఏమిచ్చారో రిజిస్టర్లో రాసి, విలువ వేసి, రసీదు ఇవ్వండి. పెద్ద దాత దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరే మీ బలం.

బడికి దాని డబ్బు కూడా ఉంటుంది. సమగ్ర శిక్ష కింద యూత్, ఎకో క్లబ్ పద్దు ఉంది: ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000, ప్రాథమికోన్నతకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 దాకా. డబ్బు ఎప్పుడొస్తుంది, దేనికి ఖర్చయింది అన్నది హెడ్మాస్టరునే అడగాలి, అదీ మర్యాదగా. "మీ ఎకో క్లబ్ గ్రాంట్‌తో మొక్కలు కొన్నారా సార్" అని కాదు, "మీ ఎకో క్లబ్ రిపోర్టుకు ఫొటోలు, పిల్లల నోటుబుక్కులు మేమిస్తాం" అని. రిపోర్టు రాసే బాధ తప్పుతుందంటే ఆయన మీ మనిషి అయిపోతాడు. ఎంఈఓ (మండల విద్యాధికారి) అనుమతి కాగితం, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి. పిల్లలెవరూ నీళ్లలో దిగరు, కట్ట మీద, మెట్ల మీదే ఉంటారు అని ఆ కాగితంలోనే రాయండి.

దాతను పొద్దున ఆరున్నరకు రమ్మనండి

దాతకు పీపీటీ చూపించకండి. కట్ట మీదికి రమ్మనండి, అదీ తెల్లారాక. కిట్లలో ఒకటి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూసేది, వింక్లర్ పద్ధతి అంటారు. చిన్న గాజు సీసాలో బుడగ లేకుండా చెరువు నీళ్లు నింపి, రెండు మందులు చుక్కలుగా వేసి, మూత బిగించి, తలకిందులుగా రెండు మూడుసార్లు తిప్పాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురు. లేకపోతే తెల్లగా, విరిగిన పాలలా దిగుతుంది. పొద్దున్నే సీసా తెల్లబడ్డప్పుడు పిల్లలు ఎవరూ మాట్లాడరు, పెద్దాయన మాత్రం "నేను చెప్పలే?" అన్నట్టు చూస్తాడు. అదే చోట అదే పరీక్ష మధ్యాహ్నం మూడింటికి చేస్తే సీసా గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎందుకంటే పగలంతా ఆ పచ్చటి నాచు ఎండకు ఆక్సిజన్ వదిలింది. రాత్రంతా అదే నాచు పీల్చేసుకుంటుంది. మధ్యాహ్నం మాత్రమే పరీక్షించి "చెరువు బాగుంది" అని ఎవరైనా కాగితం ఇస్తే ఎందుకు నమ్మకూడదో ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమైపోతుంది. చేపలు బతకాలంటే లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

మందులు టీచరే వేయాలి, చేతికి గ్లౌజులతో. వాడిన నీళ్లు క్యాన్‌లో పోసి ల్యాబ్‌కు తీసుకెళ్లాలి, చెరువులో కుమ్మరించకూడదు.

రెండోది ఇంకా చవక. సెచ్చి డిస్క్ అంటారు. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పళ్లెం తీసుకుని నాలుగు భాగాలు గీసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగు వేయండి. మధ్యలో రంధ్రం, కింద బరువుకు నట్టు, పైన తాడు, తాడుకు పది సెంటీమీటర్లకో ముడి. మెట్ల మీద నుంచి మెల్లగా దింపుతూ పళ్లెం కనపడకుండా పోయిన చోట ముడి లెక్కపెట్టాలి, పైకి లాగుతూ మళ్లీ కనపడిన చోట ఇంకోసారి. రెంటి సగటు రాసుకోవాలి. నెలకోసారి ఆ అంకెను బడి గోడ మీద రాస్తే, అదే మీ దాతలకు రిపోర్టు. అది పెరుగుతుందని ఎవరికీ మాటివ్వకండి. ఎనిమిది పాఠాలతో చెరువు తేటపడదు. మీరు మాటివ్వగలిగింది: ఇన్ని ఎర్ర చుక్కలున్న మ్యాప్, ఇన్ని నెలల అంకెలు, ఆ మ్యాప్ జత చేసి నగర నీళ్లు, మురుగు చూసే జలమండలికి పిల్లలు రాసిన ఉత్తరం, దానికి వచ్చిన జవాబు.

రిజిస్ట్రేషన్, కంపెనీలు, అమెరికా తమ్ముళ్లు

మొదటి ఏడాది సొంత సొసైటీ పెట్టకండి. ఇప్పటికే రిజిస్టరైన కాలనీ సంక్షేమ సంఘం కింద విడి ఖాతా తెరిచి నడపండి. పని సాగుతుందని తేలాక సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండి, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పాన్ కార్డు, ఖాతా, తర్వాత ఆదాయపు పన్ను వాళ్ల దగ్గర జనం ఇప్పటికీ 12ఏ, 80జీ అని పిలిచే రెండు అనుమతులు: మొదటిది సంస్థ ఆదాయానికి, రెండోది దాత ఇచ్చే చందాకు పన్ను మినహాయింపు కోసం. 2025 చట్టం వచ్చాక సెక్షన్ నంబర్లు మారాయి కనుక ఫారాల సంగతి చార్టర్డ్ అకౌంటెంట్‌కు వదిలేయండి. 80జీ ఉంటే చందాలు వరదలా వస్తాయనుకోకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు, జీతగాళ్లలో చాలామంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు.

ఇక కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు సంగతి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దేనికి ఖర్చు పెట్టొచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూల్లో విద్య ఉంది, పర్యావరణం, నీటి నాణ్యత ఉన్నాయి. మన పని రెంటికీ సరిపోతుంది. కానీ డబ్బు తీసుకునే సంస్థకు 12ఏ, 80జీ ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. అంటే ఈ రోజు మొదలుపెట్టిన కమిటీకి ఇది నాలుగో ఏటి మాట. తొందరైతే ఇవన్నీ ఉన్న సంస్థతో కలిసి అడగండి, మీ వాటా ఎంతో కాగితం మీద రాయించుకుని.

హైటెక్ సిటీ కంపెనీ నుంచి ఎవరైనా ఫోన్ చేసి "మా వంద మంది ఉద్యోగులు ఒక శనివారం వచ్చి చెరువు శుభ్రం చేస్తారు, టీషర్టులు మావే" అంటే సంతోషంగా రమ్మనండి, కానీ ఒక్క రోజు ఈవెంట్ సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదని 2014లోనే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సర్క్యులర్ ఇచ్చిందని మెల్లగా గుర్తుచేయండి. "ఆ రోజు ఖర్చుతో ఒక బడి ఏడాదంతా నడుస్తుంది సార్, ఉద్యోగులు నెలకొకరు వచ్చి సెచ్చి అంకె రాసుకోవచ్చు" అనండి. కొందరు ఒప్పుకుంటారు. కొత్త పద్దుల కోసం ఏప్రిల్, మే నెలల్లోనే అడగాలి. ఏడాది చివర్లో మిగిలిన డబ్బు వదిలించుకోవడానికి ఫిబ్రవరిలో ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. మార్చి 31లోపు ఎనిమిది పాఠాలు చెప్పేయమంటే కుదరదని చెప్పండి.

ఇక డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు. ఇది జాగ్రత్తగా చదవండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డున్నా సరే, తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, వాళ్లు మీ సొంత తమ్ముడైనా, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డున్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆ అనుమతికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. మన స్థాయికి అది పనికిరాదు. చందా తీసుకునే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి, ప్రతి ఒక్కరినీ, మొహమాటం లేకుండా.

ఎంపీ నిధులు, కార్పొరేటర్ నిధులు పాఠాలకు రావు. ఎంపీ లాడ్స్ నియమాలే మన్నికైన ఆస్తుల కోసం: షెడ్డు, బోర్డు, మెట్లు. కట్ట మీద నీడ కావాలంటే అక్కడ అడగండి. మీ చెరువులో పక్షులు, జంతుజాలం బాగా ఉంటే రాష్ట్ర జీవవైవిధ్య మండలి తలుపు తట్టండి. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమైంది. నగరపు నీటి వనరుల్లో ఆ గుర్తింపు దేశంలో మొదట దక్కింది దానికే. డబ్బు వెంటనే రాదు, కానీ ఆ గుర్తింపున్న చెరువుకు దాతలు వేరుగా స్పందిస్తారు.

తీసుకోకూడని డబ్బు

చెరువు పక్కన వెంచర్ వేసే బిల్డర్ తప్పకుండా వస్తాడు. మర్యాదగా మాట్లాడతాడు, అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానంటాడు, బోర్డు మీద పేరు చాలంటాడు. డబ్బు ముట్టుకునే ముందు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల సైట్‌లో మీ చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండినప్పుడు నీళ్లు ఆగే హద్దు, మ్యాప్ తెరిచి ఆయన ప్రహరీ ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, అంటే ఇంచుమించు ఇరవై ఐదు ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని చోటు. ఆ గీతల లోపల కట్టినవాళ్ల డబ్బు వద్దు. మ్యాప్ చదవడం పిల్లలకు నేర్పేది మనమే కదా, రేపు ఆ పిల్లలే ఎర్ర చుక్క ఆయన గోడ మీద పెడతారు.

"కమిటీ తీర్మానం ప్రకారం చెరువు సరిహద్దు ఆస్తిదారుల నుంచి విరాళాలు తీసుకోం" అని ముందే రాసిపెట్టుకుంటే ఎవరి మొహం మీదా కాదనాల్సిన పని రాదు. కాగితం చూపించి చాయ్ తాగించి పంపొచ్చు.

లెక్క బహిరంగంగా

ఎవరి సొంత గూగుల్ పే, ఫోన్ పే నంబరుకూ చందా రాకూడదు. సంఘం ఖాతా క్యూఆర్ ఒక్కటే. చెక్కుకు రెండు సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఇది రాయక్కర్లేదనుకుంటారు, రాయాలి. కట్టమైసమ్మ గుడి పక్కన ఒక నల్లబోర్డు పెట్టించండి. నెల మొదట్లో మూడు గీతలు: వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. కింద కిట్ల స్టాకు. పొద్దున నడకకు వచ్చేవాళ్లు అది చదువుతారు, తప్పు పడతారు, "అరటిపళ్లకు ఇంతా?" అంటారు. అననివ్వండి. అలా అడిగినవాళ్లలో కొందరు తర్వాతి నెల నుంచి చందా ఇస్తారు.

మార్చి 31కి డబ్బు మిగిలితే హడావిడిగా టోపీలు, బ్యాడ్జీలు కొనేయకండి. దాతకు ఒక ఉత్తరం రాసి వచ్చే ఏడాదికి మళ్లించడానికి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. నెక్నాంపూర్ చెరువులో 2018 నుంచి మొక్కలతో నీళ్లు శుద్ధి చేసే తేలే దీవి ఉంది, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే బస్సుకు ఆ డబ్బు పక్కన పెట్టొచ్చు. పరీక్ష మందులు మాత్రం ముందుగా కొని పెట్టుకోకండి. వాటికి గడువు తేదీ ఉంటుంది, జూన్‌లో బడి తెరిచే వారం కొంటే చాలు.